నాలుగు దేశాలు, ఒక అల్లం గుంత

ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు నాకింకా రాలేదు. ఇరవై తొమ్మిదేళ్లకే జ్ఞాపకాలేమిటని మా అమ్మ కూడా నవ్వింది. అయితే వదిలేసిన ఉద్యోగం గురించి రాయడానికి తల నెరిసేదాకా ఆగాలని ఎక్కడా లేదు. నాలుగేళ్లు చేసి మానేసిన ఆ పనిలో నేను ఒకే ఒక్క రోజు పదిమందిలో గొంతెత్తి మాట్లాడాను. కొత్తగా ఆఫీసుల్లో చేరి, మీటింగుల్లో గోడవారగా కుర్చీ చూసుకుని, ఎవరైనా తమను మాట్లాడమంటారేమోనని నీళ్ల సీసా వైపు చూస్తూ కూర్చునే చెల్లెళ్లకు ఆ రోజు సంగతి పనికొస్తుందని రాస్తున్నాను. పనికి రాకపోతే కాసేపు నవ్వుకోండి.

మాది జహీరాబాద్‌లో హైవే పక్కన, ట్రాక్టరు విడిభాగాల దుకాణం పైన రెండు గదుల సంస్థ. చుట్టుపక్కల ఊళ్లలో అల్లం పండించే ఆడవాళ్ల సంఘాలకు సలహాలివ్వడం మా పని. సలహాలిచ్చేది మా డైరెక్టరు సారు. జీపు నడిపేది డ్రైవరన్న. ఉత్తరాలు టైపు చేయడం, కరపత్రాలు తెలుగులోకి మార్చడం, మీటింగులో ఎవరేమన్నారో రాసుకోవడం నా వంతు. మాట్లాడటం రాని మనిషికి రాసుకునే ఉద్యోగం దొరికితే అంతకన్నా ఏం కావాలి?

నా దగ్గర రెండు నోటు పుస్తకాలుండేవి. నల్ల అట్టది ఆఫీసుది, నీలం అట్టది నాది. నల్లదాంట్లో "సభ్యులు సుదీర్ఘంగా చర్చించారు" అని రాసేదాన్ని. ఏం చర్చించారో నీలందాంట్లో రాసేదాన్ని. ఇప్పుడు మీకు చెప్పేదంతా నీలం పుస్తకంలోంచే.

ఒక వేసవి మొదట్లో మా సారు ఎక్కడెక్కడి వాళ్లకో ఉత్తరాలు రాయించి, పొరుగు దేశాల అల్లం రైతుల పరస్పర సహకార సదస్సు మా ఊళ్లోనే జరిగేలా చేశారు. ఎందుకు మా ఊళ్లో అంటే మా దగ్గర ఒక ఆదర్శ గుంత ఉంది. కోహీర్ దగ్గర ఒక రైతక్క పొలంలో, చింత నీడన తవ్వించాం. అల్లం తవ్వుకున్నాక, మళ్లీ నాటే దాకా రెండు మూడు నెలలు విత్తనపు అల్లాన్ని చల్లగా దాచుకోవాలి కదా, దానికోసం. గోడలు పేడతో అలికి, అల్లం పొరలు, ఇసుక పొరలు వేసి, పైన చెక్కలు పరిచి మూత వేశాం. అక్క ఒక్కదానిదే కాదు, ఆమె సంఘంలోని పన్నెండు ఇళ్ల విత్తనమూ అందులోనే పెట్టారు. సారు ఆ గుంత ఫోటోను అన్ని దేశాలకూ పంపారు. ఆయనకు అల్లంతో పరిచయం చాయ్ వరకే అయినా, ఫోటోలతో పరిచయం గట్టిది.

నేపాల్ నుంచి ఒక మేడం వచ్చారు. పొట్టి మనిషి, కాన్వాస్ బూట్లు, చీర కొంగు నడుములో దోపుకునే అలవాటు. బంగ్లాదేశ్ నుంచి ఒక సారు వచ్చారు. ఆయన ప్రతి మాటనూ రాసుకుంటారు, రాసుకున్నది పైకి చదువుతారు. శ్రీలంక నుంచి వచ్చిన సారు మితభాషి. తెల్ల చొక్కా మీద మరక పడితే తప్ప ఆయన ముఖంలో మార్పుండదు. మనతో కలిపి నాలుగు దేశాలు.

మొదటి రోజంతా ఫంక్షన్ హాల్లో గడిచింది. బల్ల మీద జెండాలు ఏ వరసలో పెట్టాలనే దానిమీద పొద్దుటి చాయ్ దాకా మాట్లాడారు. అక్షర క్రమంలో పెడదామన్నారు సారు. ఏ భాష అక్షరాలని బంగ్లాదేశ్ సారు అడిగారు. మధ్యాహ్నం దాకా తదుపరి సదస్సు ఏ దేశంలో జరగాలో చర్చించారు. భోజనాల తర్వాత, అసలు పొరుగు దేశం అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. మధ్యలో సముద్రం ఉంటే పొరుగు అవుతుందా అని ఎవరో అనగానే, శ్రీలంక సారు ఆ రోజుకు తన ఏకైక వాక్యం పలికారు. "సముద్రం ఉంటే పడవ కూడా ఉంటుంది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేపాల్ మేడం మాత్రం కాగితం మీద అల్లం కొమ్ములు గీస్తూ కూర్చున్నారు. సాయంత్రానికి ఉమ్మడి ప్రకటనలో ఆరు అంశాలు తేలాయి. ఆరింటిలోనూ 'బలోపేతం' అనే మాట ఉంది. అల్లం అనే మాట లేదు. ఇది నా నీలం పుస్తకంలో ఉంది, చూపిస్తాను కావాలంటే.

రెండో రోజు పొద్దున చాయ్ వేళకు రైతక్క ఫోన్ చేసింది. సారు ఫోను ఎత్తకపోతే నాకు చేసింది.

"చెల్లె, గుంతకాడ వాసన వస్తున్నది. రెండు దినాల సంది వస్తుంది. ఎలుక సచ్చిందేమో అనుకున్న. ఎలుక కాదు. జర సారును తోల్కొని రా."

అతిథులకు స్లైడ్లు చూపించే పని ఒక ప్రొఫెసరు గారికి అప్పగించి, సారు, నేను, డ్రైవరన్న జీపులో కోహీర్ బయల్దేరాం. మూత తీయకముందే వాసన జీపు దాకా వచ్చింది. తీశాక డ్రైవరన్న తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాడు. పైపొర అల్లం మెత్తబడి, తొక్క లోపల నీళ్లయి ఉంది. అక్క ఒక కొమ్ము పట్టుకుంటే వేళ్ల మధ్య చితికిపోయింది.

"మొత్తం పోయిందా?" అన్నారు సారు.

"నడిమిట్ల పోయింది. అంచులకు ఎట్లున్నదో తీసి సూస్తే గాని తెల్వది. ఇప్పుడే తీద్దాం సారూ. ఒక్కటి కుళ్లితే పక్కదాన్ని గూడ కుళ్లిస్తది. వానలు పడేటాల్లకు నాటకపోతే ఈ ఏడు పన్నెండు ఇండ్లకు పంటే లేదు."

"తీద్దాం, తీద్దాం. ఎల్లుండి తీద్దాం. రేపు మూడు దేశాలోళ్లు గీ గుంత సూసుటానికే వస్తున్నరమ్మా. గిది సూస్తే ఏమైతది నా పరిస్థితి?"

"మూడు దేశాల సంగతి నాకెందుకు సారూ? ఇది నా ఇత్తనం."

"ఒక్క పూట. ఒక్క పూట గడవనియ్యి. తర్వాత నేనే దగ్గరుండి తీపిస్త."

అక్క నా వైపు చూసింది. నేను చింతచెట్టు వైపు చూశాను. అప్పుడే డ్రైవరన్నకు ఉపాయం తట్టింది.

"సారూ, మార్కెట్ల ఫస్ట్ క్లాస్ మాల్ ఉన్నది. రెండు బస్తాలు తెచ్చి పైన పరుద్దాం. కింద ఏమున్నదో ఎవలకు తెలుస్తది?"

సారు ముఖం వెలిగింది. డ్రైవరన్న జహీరాబాద్ పోయి గంటన్నరలో తిరిగొచ్చాడు. బస్తాలు విప్పితే అల్లం తళతళ మెరుస్తోంది. మట్టి లేదు, వేరు లేదు.

"మూడుసార్లు కడిగిపిచ్చిన సారూ. అద్దం లెక్కున్నది సూడుండ్రి" అన్నాడు గర్వంగా.

అల్లం గురించి తెలిసిన వాళ్లెవరూ విత్తనాన్ని కడగరు. తడి తగిలితే కుళ్లు పట్టుకుంటుంది. సారుకు ఆ సంగతి తెలియదు. డ్రైవరన్నకు జీపు కడగడం తెలుసు, అతిథులొస్తే అన్నీ కడగాలని అనుకున్నాడు. తెలిసిన అక్క ఒక కొమ్ము తీసి ఎండకు పట్టి చూసింది.

"పెండ్లికి తయారు చేసినట్టున్నరు. పసుపు గూడ రాస్తరా?" అంది.

కుళ్లిన పొర మీద గోనెపట్టా పరిచి, దానిమీద ఆ మెరిసే అల్లాన్ని పేర్చి, మళ్లీ మూత పెట్టాం. మూత అంచులు అలుకుతూ అక్క అంది, "చెల్లె, ఆ దినం నేను నిన్ను అడిగిన, యాదికున్నదా? మూతకు పొక్క ఇడ్వద్దా అని?"

నాకు గుర్తుంది. పొక్క అంటే రంధ్రం. గుంత మూసిన రోజు ఆమె అడిగింది. నేను తెలుగు చేసిన గుంత కరపత్రం చూపించి, "కాయితంల లేదక్కా" అన్నాను. చదువుకున్న పిల్ల రాసిందని ఆమె సందు లేకుండా అలికేసింది.

ఆ సాయంత్రం ఆఫీసుకు రాగానే బీరువాలోంచి అసలు ఇంగ్లీషు పుస్తకం తీశాను. నేను తెలుగు చేసిన పుట చివరి వాక్యం సరిగ్గానే ఉంది: మూతను పేడతో పూర్తిగా అలికి మూసేయాలి. పుట తిప్పాను. తర్వాతి పుట మొదటి వాక్యం: గాలి ఆడటానికి మూతలో తప్పనిసరిగా రంధ్రం వదలాలి.

నేను ఆ పుట తిప్పలేదు. ఎందుకు తిప్పలేదో కూడా నీలం పుస్తకంలో ఉంది. ఆ రోజుల్లో నా టేబుల్ సొరుగులో ఒక లావుపాటి నవల ఉండేది. పుట అయిపోగానే పని అయిపోయిందనుకుని, నవల్లో ఆ పెళ్లి జరుగుతుందా లేదా అని చూడటానికి సొరుగు లాగాను. పెళ్లి జరిగింది. అల్లం కుళ్లింది.

ఎవరితోనూ అనలేదు. సారుతో అంటే ఏమంటారోనని ఒక భయం, అక్కతో అంటే ఏమీ అనదేమోనని ఇంకో భయం.

మూడో రోజు పొద్దున వ్యాను కోహీర్ చేరింది. గుంత పక్కన బ్యానరు, బ్యానరు మీద బాణం గుర్తు. సంఘం ఆడవాళ్లు పన్నెండు మందీ వచ్చి నిలబడ్డారు. అక్కకు సారు నేర్పించిన వాక్యం ఒకటుంది. "ఈ గుంత వల్ల మాకు చాలా మేలు జరిగింది." ఆమె దాన్ని పాఠం అప్పగించినట్టు చెప్పి, వెంటనే తల పక్కకు తిప్పుకుంది.

మూత తీశారు. అల్లం మెరిసింది. బంగ్లాదేశ్ సారు "ఆహా" అన్నారు. నేపాల్ మేడం కొంగు దోపుకుని గుంత అంచున గొంతుకూర్చున్నారు. ఒక కొమ్ము తీశారు. విరిచారు. వాసన చూశారు. సగం నోట్లో వేసుకుని నమిలారు. మిగతా సగం భుజానున్న సంచిలో వేసుకున్నారు. తర్వాత అక్క వైపు తిరిగి హిందీలో మాట్లాడారు. అక్కకు జహీరాబాద్ బజారు హిందీ బాగా వచ్చు. వాళ్ల మాటలు నేను తెలుగులో రాస్తున్నాను.

"మీ దగ్గర విత్తనానికి స్నానం చేయించి పడుకోబెడతారా అక్కా?"

అక్క సారు వైపు చూసింది. ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. సారు ముందుకొచ్చేశారు.

"ఇది మా ప్రత్యేక పద్ధతి మేడం! కడిగితే క్రిములన్నీ పోతాయి. పైగా గుంతను సందు లేకుండా మూస్తాం. బయటి గాలి సోకదు."

ఆయన అలా అంటారని ఆయనకే అంతకుముందు తెలియదనుకుంటాను. భయంలో మనిషికి శాస్త్రం కూడా పుట్టుకొస్తుంది. బంగ్లాదేశ్ సారు కలం తీశారు.

"చాలా ముఖ్యం. ఇది ఉమ్మడి ప్రకటనలో ఏడో అంశంగా పెట్టాలి. విత్తనపు అల్లాన్ని కడిగి, గాలి చొరకుండా మూసిన గుంతలో భద్రపరచాలి. అన్ని సభ్య దేశాలకూ సిఫారసు. ఎన్నిసార్లు కడగాలి?"

"రెండు" అన్నారు సారు.

"మూడు సార్" అన్నాడు వెనకనుంచి డ్రైవరన్న. "నేనే దగ్గరుండి కడిగిపిచ్చిన."

"మూడు" అని పైకి చదువుతూ రాసుకున్నారు బంగ్లాదేశ్ సారు. శ్రీలంక సారు కూడా జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. అంటే ఇక ప్రమాదమే. మూడు రోజుల్లో ఆయన రాసుకున్న మొదటి విషయం అదే.

సారు నా వైపు తిరిగారు. "నోట్ చేసుకోమ్మా. ఏడో అంశం."

నల్ల పుస్తకం తెరిచాను. కలం పెట్టాను. నాలుగు దేశాల్లో ఎన్ని ఊళ్లుంటాయో, ఎన్ని ఊళ్లలో ఎంతమంది అక్కలు చదువుకున్నవాళ్లు రాశారని నమ్మి అల్లాన్ని కడిగి, సందు లేకుండా అలికి మూసేస్తారో లెక్క కట్టడం నాకు రాలేదు. నా ఎదురుగా పన్నెండు మంది నిలబడి ఉన్నారు, ఆ లెక్క చాలు.

"నేను రాయను సార్" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వీధి చివరిదాకా వినబడే మా మేనత్త గొంతులా ఉంది.

"ఏంది?" అన్నారు సారు.

"రాయను సార్. కడగొద్దు. మూసేయొద్దు." తర్వాత ఇంగ్లీషులోకి మారాను. పుస్తకం మూసిన విసురుకు మధ్యలో దాచుకున్న బస్ టికెట్లన్నీ రాలిపోయాయి. ఇది నిన్న మార్కెట్లో కొన్న అల్లమని, అసలు విత్తనం దీని కింద కుళ్లుతోందని, మూతకు రంధ్రం వదలమన్న వాక్యాన్ని నేను తెలుగు చేయకపోవడం వల్లే కుళ్లిందని, తప్పు నాదని చెప్పాను. నవల సంగతి మాత్రం చెప్పలేదు. మనిషికి కొంతైనా మర్యాద మిగలాలి.

హైవే ఎక్కడో దూరంగా ఉంది, అయినా ఒక లారీ హారన్ వినిపించింది. సారు బ్యానరు కర్ర పట్టుకుని నిలబడ్డారు.

నేపాల్ మేడం సంచిలోంచి సగం కొమ్ము బయటికి తీసి అందరికీ చూపించారు. "ఎవరు ముందు చెబుతారా అని చూస్తున్నాను. చిన్నపిల్ల చెప్పింది" అన్నారు. తర్వాత సారు వైపు తిరిగి, "మీరు ఇంకా నయం. అల్లమే పెట్టారు. మా దగ్గరికి ఒకసారి పెద్ద అధికారి వస్తున్నాడంటే, తెగులు తగిలిన అల్లం మొక్కలు పీకేసి, పసుపు మొక్కలు తెచ్చి మట్టిలో గుచ్చాం. దూరం నుంచి ఒకేలా ఉంటాయి కదా. ఆయన వాటి ముందు నిలబడి ఫోటో దిగాడు. ఆ ఫోటో ఇప్పటికీ మా ఆఫీసు గోడ మీదే ఉంది" అన్నారు.

బంగ్లాదేశ్ సారు కలం మూత పెట్టారు. "మేం చేపలు" అన్నారు.

"చేపలా?"

"కుంటలో చేపలు పెరగలేదు. అతిథులు వచ్చే గంట ముందు మార్కెట్‌లో బతికున్న చేపలు కొని వదిలాం. మా వాడు తొందరలో చచ్చినవి కూడా పోశాడు. వల వేస్తే ఒక సముద్రపు చేప వచ్చింది. అతిథులు చప్పట్లు కొట్టారు. ఒకాయన ఆ రకం పేరు రాసుకున్నాడు."

ఆడవాళ్లకు నేను తెలుగులో చెప్పేలోపే డ్రైవరన్న నేల మీద కూర్చుని నవ్వుతున్నాడు. అందరూ శ్రీలంక సారు వైపు చూశారు. ఆయన తెల్ల చొక్కా సర్దుకున్నారు.

"మసాలా దినుసులు ఆరబెట్టే యంత్రం ఒక్కటే ఉండేది. నాలుగు ఊళ్లలో ఉందని రాశాం. అతిథులు ఒక ఊరు నుంచి ఇంకో ఊరికి వెళ్లేలోపు అడ్డదారిన లారీలో తీసుకెళ్లి పెట్టేవాళ్లం. నాలుగో ఊళ్లో ఒకాయనకు ఆ యంత్రం మీద తన రుమాలు దొరికింది. మొదటి ఊళ్లో మరిచిపోయినది."

"ఏమన్నాడు?" అన్నారు నేపాల్ మేడం.

"ధన్యవాదాలన్నాడు."

నవ్వులు ఆగాక మిగిలింది మా సారు ఒక్కరే. ఆయన బ్యానరు వైపు చూసి గొంతు సవరించుకున్నారు. "ఈ బ్యానరు మీదున్న పొలం ఫోటో కూడా మాది కాదు" అన్నారు నెమ్మదిగా. "ఎవరిదో తెలియదు. ఇంటర్నెట్‌లో దొరికింది."

మూడు రోజుల్లో నాలుగు దేశాలూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి.

"నవ్వింది సాలు గాని, నా అల్లం కుళ్లుతున్నది" అంది అక్క. చీర కుచ్చెళ్లు పైకి దోపి గుంతలోకి దిగింది. ఆమె వెనకే నేపాల్ మేడం దిగారు.

ఆ తర్వాతి రెండు గంటల్లో జరిగినదాంట్లో ఒక్క అక్షరం కూడా నల్ల పుస్తకంలో లేదు, రాసే తీరిక ఎవరికుంది? పన్నెండు మంది ఆడవాళ్లూ వరసగా నిలబడి గంపలు అందుకున్నారు. నేపాల్ మేడం ఒక్కో కొమ్మును బొటనవేలితో నొక్కి, గట్టిది కుడివైపు, మెత్తది ఎడమవైపు వేయడం చూపించారు. అనుమానమున్నవి మూడో కుప్ప. శ్రీలంక సారు చొక్కా చేతులు మడిచారు, అది చూడవలసిన దృశ్యం. పొరల మధ్య ఎండిన వేపాకు పరచమన్నారు. తమ దగ్గర వేరే ఆకు వేస్తారట, ఆ చెట్టు ఇక్కడ కనబడలేదు. బంగ్లాదేశ్ సారు బూడిద కావాలన్నారు. అక్క పొయ్యిలోంచి తట్ట బూడిద వచ్చింది. ఆయన ఇస్త్రీ ప్యాంటుతో గోనె మీద కూర్చుని మంచి అల్లానికి బూడిద పూస్తూ, అలవాటు కొద్దీ "బూడిద, సన్నగా, అన్ని వైపులా" అని పైకి చదువుకుంటూ పోయారు.

గోడలు మళ్లీ అలికాక, చివరికి మూత దగ్గరికొచ్చేసరికి అసలైన సదస్సు మొదలైంది. ఒక రంధ్రమా, రెండా? బంగ్లాదేశ్ సారు రెండన్నారు. మేడం ఒకటి చాలన్నారు, ఎక్కువైతే అల్లం ఎండి ముడతలు పడుతుందట. పిడికిలి పట్టేంతా, వేలు పట్టేంతా? వాన చుక్క పడితే? ఎలుక దూరితే? జెండాల మీద కూడా ఇంత గట్టిగా వాదించలేదు. అక్క అంతా విని, పెరట్లోకి పోయి పగిలిన కుండ ఒకటి తెచ్చింది. మెడ మాత్రమే మిగిలింది దానికి. చెక్కల మధ్య ఆ కుండ మెడ నిలబెట్టి చుట్టూ పేడతో అలికింది. పైన ఒక పలుచటి గుడ్డ కట్టింది. గాలి ఆడుతుంది, ఎలుక దూరదు.

"ఇట్లనే చేస్తుండె మా అమ్మ, జొన్నల గుంతకు" అంది. "కాయితంల లేదని ఇడిచిపెట్టిన."

ముగ్గురు అతిథులూ ఆ కుండ మెడ చుట్టూ గొంతుకూర్చుని చూశారు. బంగ్లాదేశ్ సారు పుస్తకం తీసి, ఏడో అంశం మొత్తం కొట్టేసి, దాని పక్కన ఒక బొమ్మ గీశారు.

అప్పుడు కుప్పలు చూశాం. పన్నెండు ఇళ్లలో ఏడిళ్లకు సరిపోయే విత్తనం మిగిలింది. నవ్వంతా ఆగిపోయింది. నేను అక్క దగ్గరికి పోయాను. ఏం చెప్పాలో వాక్యం తయారు చేసుకునే పోయాను కానీ దానికన్నా ముందు ఏడుపొచ్చింది.

"ఏడ్వకు" అంది అక్క. "నువ్వు రాసినవ్, నేను విన్న. ఇద్దరికి బుద్ధి లేదు. పొక్క లేకుంటే మనిషే బతకడు, అల్లం బతుకుతదా అని నాకు తెల్వదా?"

పక్కనున్న ఆమె అడిగింది, "ఏడిండ్లంటే, ఏ ఏడిండ్లు?"

"ఏడిండ్లు ఏంది? పన్నెండు ఇండ్లు. అందరం తక్కువ తక్కువ పెట్టుకుందాం. మిగిలిన జాగల కంది ఏద్దాం. వచ్చే ఏడు ఇత్తనానికైతే అయితది గదా."

"నీ గుంతల పెట్టి మా ఇత్తనం ఖరాబ్ చేసినవని తిడదామనుకుంటే, ముందుగాల్నే పంచిపెట్టినవ్" అంది ఆమె. అందరూ నవ్వారు, కానీ ఇది వేరే నవ్వు. కొందరు లోపల్లోపల లెక్కలేసుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది. ఆ నవ్వు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

కడిగిన అల్లం రెండు బస్తాలు వృథా కాలేదు. ఆ రోజు జొన్నరొట్టెల్లోకి అల్లం పచ్చడి, తర్వాత అల్లం చాయ్. వెళ్లేటప్పుడు ప్రతి అతిథి చేతిలోనూ ఒక పొట్లం. డ్రైవరన్న ఆ పొట్లాలు ఇస్తూ, "మూడుసార్లు కడిగింది మేడం, ఫికర్ లేకుండ తినుండ్రి" అన్నాడు.

నాలుగో రోజు ముగింపు సభ. ఉమ్మడి ప్రకటనలో మళ్లీ ఆరు అంశాలే. బలోపేతం అలాగే ఉంది. సారు నన్ను పక్కకు పిలిచి, "నిన్నటి సంగతంత నల్ల బుక్కుల రాయకు. క్షేత్ర సందర్శన సంతృప్తికరం అని రాయి. సాలు" అన్నారు. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే తన ఫోటో పొలం సంగతి కూడా నేను ఎక్కడైనా రాస్తానని అనుకున్నారేమో. ఇన్నాళ్లకు రాశాను.

సంతృప్తికరం అని రాశాను. అయితే చివర అనుబంధం అనే పేరుతో ఒక పుట అదనంగా టైపు చేసి జతపరిచాను. విత్తనపు అల్లం కడగకూడదు, మెత్తవి ఏరేయాలి, బూడిద, వేపాకు, మూతలో కుండ మెడ, ఆ వరసలో. కాగితాలు సంతకాలకు తిరిగాయి. అనుబంధాలు ఎవరూ చదవరని నాకు ఆఫీసు నేర్పిన విద్య. మా సారు చదవకుండానే సంతకం పెట్టారు. నేపాల్ మేడం ఆ పుట దగ్గర ఆగారు, చివరిదాకా చదివారు, తల ఎత్తకుండా సంతకం పెట్టి, కలం నాకు తిరిగిస్తూ కన్ను కొట్టారు.

దేశాలు ఒకదానికొకటి సాయపడతాయా, ఇలాంటి సదస్సుల వల్ల లాభముందా అని ఎవరైనా అడిగితే నేను పెద్ద మాటలు చెప్పలేను. మాట్లాడే గది చూశాను, అల్లం తీసే గుంత చూశాను. గదిలో ఎవరి తప్పులు వాళ్లు దాచుకుంటూ కూర్చున్నారు. గుంతలో దాచుకోవడానికి చోటు లేదు. తేడా అంతే.

వానలు పడ్డాక అక్క ఫోన్ చేసింది. "మొలిచింది చెల్లె" అంది. వెంటనే ఫోను పెట్టేసింది. నేను ఆ రోజు ఆఫీసులో ఏ పనీ చేయలేదు, నవల కూడా చదవలేదు.

మరుసటి వేసవికి నేపాల్ నుంచి ఒక కవరు వచ్చింది. లోపల నేపాలీలో అచ్చు వేసిన చిన్న పుస్తకం. దేవనాగరి అక్షరాలు కాబట్టి కూడబలుక్కున్నాను. మధ్య పుటలో గుంత బొమ్మ, మూత మీద కుండ మెడ, కింద జహీరాబాద్ అనే మాట. పరుగున కోహీర్ తీసుకెళ్లాను. అక్క బొమ్మను దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"పొక్క జర పెద్దగ ఏసిన్రు" అంది. "మేడంకు రాయి. ఇంత పెద్దగైతే ఎండిపోతదని చెప్పు."

రాశాను. జవాబొచ్చింది. మళ్లీ రాశాను. ఉద్యోగం మానేసి ఇప్పుడు ఒక బడిలో లైబ్రరీ చూసుకుంటున్నా, ఆ ఉత్తరాలు మాత్రం ఆగలేదు. సంఘానికి ఏ కరపత్రం కావాలన్నా ఇప్పటికీ నేనే తెలుగు చేస్తాను. కానీ అచ్చుకు ఇచ్చేముందు కోహీర్ వెళ్లి, చింత నీడన పన్నెండు మంది ముందు నిలబడి, గట్టిగా, మొదటినుంచి చివరిదాకా చదవాలి. అది వాళ్లు పెట్టిన రూలు. నా గొంతు ఇప్పుడు నాకు కొత్తగా వినిపించదు. చదవడం అయిపోగానే కాగితం మడుస్తాను. మడవగానే పన్నెండు మందిలో ఎవరో ఒకరు అడుగుతారు, ప్రతిసారీ, నవ్వు దాచుకోకుండానే:

"అవతలి పుట తిప్పినవా చెల్లె?"